తీపికి కొలత

మనిషికి తొలుత పరిచయమయ్యే రుచి తీపి. తల్లిపాలలోని సహజమైన మాధుర్యంతో మొదలైన ఆ పరిచయం జీవితాంతం సాగుతుంది. షడ్రుచులను పేర్కొనేటప్పుడు పెద్దలు మధురాన్నే ముందుగా చెప్పారు. తెలుగువారి నుడికారంలోనూ తీపికి పెద్దపీటే ఉన్నది. శుభవార్త తెచ్చినవారి నోరు తీపి చేస్తారు. ఇంపైన పలుకును తియ్యని మాట అంటారు. మరపురాని అనుభవం తీపి గుర్తుగా నిలుస్తుంది. అయితే అదే నుడికారం ఒక హెచ్చరికను కూడా చేసింది. చెరకు తియ్యగా ఉన్నదని వేళ్ళతో సహా నమలవద్దన్నది తెలుగువారి సామెత. తీపిని ఆదరించిన సమాజమే దానికి ఒక హద్దు కూడా గీసింది. ఆ హద్దు నేడు చెరిగిపోయింది. తెల్లని చక్కెరకు బదులుగా ఏది వాడాలన్న ప్రశ్న ఇంటింటా వినిపించడానికి కారణమిదే.

ఈ ప్రశ్నకు లోకంలో సమాధానాలు చాలానే ఉన్నాయి. బెల్లం వాడమని ఒకరంటారు. తేనె మేలని ఇంకొకరంటారు. తాటిబెల్లం, కొబ్బరి చక్కెర, ఖర్జూరపు పాకం, తియ్యని ఆకుల పొడి అంటూ అంగడిలో కొత్త కొత్త పేర్లు వినిపిస్తున్నాయి. వీటిలో నిజమెంత, నమ్మకమెంత అన్నది వివేకంతో పరిశీలించవలసిన విషయం. ఆ పరిశీలనకు 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు అన్ని విధాలా అనువైనవి. కృష్ణాజలాలు పారే చోట చెరకు తోటలు, నల్లమల కొండల్లో తేనెపట్టులు, కొల్లాపూర్ పరిసరాల్లో మామిడి తోటలు, చెలకల్లో వేరుశనగ, గట్లమీద ఈతచెట్లు, గుట్టలమీద సీతాఫలాలు ఈ ప్రాంతపు సంపద. తీపికి గల రూపాలన్నీ ఇక్కడే చూడవచ్చు.

చక్కెర చరిత్రలో భారతదేశానిది ప్రథమ స్థానం. చెరకు పుట్టిల్లు న్యూగినీ ద్వీపమైనా, దాని రసాన్ని గడ్డకట్టించి స్ఫటికాలుగా మార్చే విద్య ఈ నేలమీదనే వికసించింది. అలెగ్జాండరు నౌకాదళాధిపతి నియార్కస్, తేనెటీగలు లేకుండానే తేనెనిచ్చే గడ్డి ఈ దేశంలో ఉన్నదని ఆశ్చర్యపోయాడు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో చెరకు రసం నుంచి తయారయ్యే పదార్థాలకు ఒక వరుస కనిపిస్తుంది. ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అన్నవి ఆ పేర్లు. చిక్కని పాకం మొదలుకొని స్ఫటికం వరకు సాగిన శుద్ధి క్రమం ఆ వరుసలో ఉన్నది. శర్కర అనే సంస్కృత పదానికి గులకరాయి, ఇసుక అన్నవి మూలార్థాలు. రూపసామ్యంవల్ల అది తీపి పలుకులకు పేరయింది. ఆ పదమే ప్రాకృతం మీదుగా తెలుగులో చక్కెర అయింది. పారశీక, అరబ్బీ భాషల మీదుగా ప్రయాణించి ఇంగ్లీషులో షుగర్ అయింది. ఖండం అనే మాట క్యాండీ అయింది. బెల్లం మాత్రం అచ్చమైన దేశీయ పదం. కన్నడంలో బెల్ల, తమిళంలో వెల్లం దాని తోబుట్టువులు.

ఒకే రసం ఇన్ని రూపాలు ధరించిందంటే, వాటి మధ్య భేదం ప్రధానంగా శుద్ధిలోనే ఉన్నదని గ్రహించాలి. వనపర్తి జిల్లా కొత్తకోట సమీపంలో చక్కెర కర్మాగారం ఉన్నది. ఇటువంటి కర్మాగారాల్లో జరిగే పని తెలిస్తే ఈ భేదం స్పష్టమవుతుంది. చెరకును పిండి రసం తీస్తారు. ఆ రసానికి సున్నం కలిపి, గంధకపు వాయువును పంపి మలినాలను విడదీస్తారు. తేరిన రసాన్ని మరిగించి చిక్కబరుస్తారు. స్ఫటికాలు కట్టిన ముద్దను వేగంగా తిరిగే యంత్రాల్లో వేసి, నల్లని జిగట ద్రవాన్ని బయటకు తోసివేస్తారు. దానినే మొలాసిస్ అంటారు. చెరకులోని ఖనిజ లవణాలు, రంగు, వాసన చాలావరకు దానితోనే పోతాయి. మిగిలిన తెల్లని పలుకుల్లో నూటికి 99 పాళ్ళకు పైగా సుక్రోజ్ అనే ఒకే ఒక పదార్థం ఉంటుంది. టన్ను చెరకు నుంచి సుమారు 100 కిలోల చక్కెర లభిస్తుంది. అంటే ఒక బండెడు చెరకులోని తీపి ఒక బస్తాలోకి ఒదిగిపోతుంది.

తెల్లని చక్కెరను కొందరు విషమని నిందిస్తారు. ఆ మాటలో ఆవేశమే తప్ప శాస్త్రం లేదు. చక్కెర శరీరానికి శక్తినిస్తుంది. కాని శక్తి తప్ప మరేమీ ఇవ్వదు. మాంసకృత్తులు లేవు, పీచు లేదు, విటమిన్లు లేవు. నమలవలసిన పని లేదు కాబట్టి కడుపు నిండిన తృప్తీ కలగదు. చెరకు గడను పళ్ళతో చీల్చి నమిలేవాడు ఒక గడ ముగిసేసరికి అలసిపోతాడు. ఆ గడలోని చక్కెరను నీళ్ళలో కలిపి ఇస్తే నిమిషంలో తాగివేస్తాడు. ప్రకృతి తీపితోపాటు ఇచ్చిన అడ్డుకట్టను యంత్రం తొలగించింది. చక్కెర వల్ల కలిగే కీడుకు మూలం దాని తెలుపులో కంటే దాని సౌలభ్యంలోనే ఎక్కువగా ఉన్నది.

పూర్వపు పాలమూరు గ్రామాల్లో తీపికి ఒక కాలం, ఒక సందర్భం ఉండేవి. నిత్యం తినే తిండి జొన్నరొట్టె, గటక, అంబలి. తీపి వంట పండుగకే పరిమితం. ఉగాదికి పచ్చడిలో కొత్తబెల్లం, వేపపువ్వు కలిసి వచ్చేవి. ఆనాడే శనగపప్పు, బెల్లం కలిపి బక్ష్యాలు చేసేవారు. బతుకమ్మ సాగనంపిన రాత్రి నువ్వుల ముద్దలు, పల్లీల ముద్దలు, మలీద పంచుకొనేవారు. పీర్ల పండుగకు బెల్లపు షర్బత్తు కుల మత భేదం లేకుండా అందరి గొంతులూ తడిపేది. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు సమర్పించే బెల్లాన్ని భక్తులు బంగారమని పిలుస్తారు. అరుదుగా దొరికే వస్తువుకే బంగారమన్న పేరు తగుతుంది. పైగా ఆ తీపి ఏనాడూ ఒంటరిగా రాలేదు. నువ్వులతో, పల్లీలతో, పప్పుతో, రొట్టె తునకలతో కలిసి వచ్చింది.

అయితే ఆ కాలాన్ని స్వర్ణయుగమని పొగడడం పొరపాటు. ఆనాటి మితానికి ప్రధాన కారణం లేమి. కరవు కాటకాలకు, వలసలకు పేరుపడిన ప్రాంతంలో తీపికి కొలత పెట్టింది మనిషి వివేకం కాదు, పేదరికం. చేతిలో పైకం ఉంటే ఆనాటివారు కూడా ఎక్కువే తిని ఉండేవారేమో. కాలం మారింది. కిలో చక్కెర నేడు ఒక పూట కూలిలో చిన్న భాగానికే లభిస్తుంది. లేమి పెట్టిన కొలత తొలగిపోయింది. దాని స్థానంలో మరొక కొలత ఏర్పడలేదు. సమస్యకంతటికీ మూలం ఈ శూన్యమే.

ఈ శూన్యాన్ని టీ, బిస్కెట్లు, శీతల పానీయాలు నింపుతున్నాయి. గద్వాల ప్రాంతపు పత్తి విత్తన చేలల్లో పనిచేసే కూలీ మొదలుకొని కళాశాల విద్యార్థి వరకు ఎందరికో మధ్యాహ్నపు ఆకలిని మరపించే సాధనం తియ్యని టీ. రెండు చెంచాల చక్కెర వేసిన టీలో 8 నుంచి 10 గ్రాముల చక్కెర ఉంటుంది. రోజుకు నాలుగుసార్లు తాగితే 32 నుంచి 40 గ్రాములు ఆ ఒక్క అలవాటు వల్లనే కడుపులోకి చేరుతాయి. చాలా శీతల పానీయాల్లో ప్రతి 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. పావులీటరు సీసా తాగినవాడు తెలియకుండానే అయిదారు చెంచాల చక్కెరను మింగుతున్నాడు. అంత చక్కెరను ఎవరైనా చేతికిచ్చి తినమంటే తినగలడా? చల్లదనం, పులుపు, నురగ కలిసి ఆ తీపి తీవ్రతను దాచివేస్తాయి. తేనె పూసిన కత్తి అన్న మాటకు ఇంతకంటే తగిన ఉదాహరణ కనిపించదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, అదనంగా చేరే చక్కెరల నుంచి లభించే శక్తి మొత్తం ఆహారశక్తిలో 10 శాతానికి మించరాదు. 5 శాతంలోపు ఉంటే మరింత మేలు. పెద్దవారికి ఈ రెండో హద్దు రోజుకు సుమారు 25 గ్రాములు, అనగా ఆరు చెంచాలు. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విశేషం ఒకటున్నది. ఆ సంస్థ లెక్కలో తెల్లని చక్కెరతోపాటు తేనె, పాకాలు, పండ్లరసాలలోని తీపి కూడా చేరి ఉన్నది. చెక్కు చెదరని పండులోని తీపిని మాత్రం ఆ లెక్క నుంచి మినహాయించారు. తెల్లని చక్కెరకు బదులేది అన్న ప్రశ్నకు సగం సమాధానం ఈ ఒక్క వివరంలో ఉన్నది.

హద్దు మీరితే ఏమవుతుందో లెక్కలు చెబుతున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో దేశమంతటా జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో బాధపడుతున్నారు. మరి 13 కోట్ల 60 లక్షల మంది ఆ వ్యాధి ముంగిట ఉన్నారు. దీనికి చక్కెర ఒక్కటే కారణం కాదు. వంశపారంపర్యం, స్థూలకాయం, పాలిష్ పట్టిన బియ్యం, శ్రమ లేని జీవనం కూడా కారణాలే. మధుమేహమన్న పేరు ప్రాచీన వైద్యులు పెట్టినదే. ఆ వ్యాధికి గురైన పేదవానికి సుశ్రుతుడు విధించిన చికిత్స విలక్షణమైనది. చెప్పులూ గొడుగూ లేకుండా నూరు యోజనాలు నడవాలని, బావులు తవ్వాలని ఆయన సంహిత చెబుతున్నది. దేశంలోని ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీలు ఆ శ్రమను చికిత్సగా కాక బతుకుతెరువుగా చేశారు. వారి బిడ్డలు నేడు బల్లముందు కూర్చొని చదువుతున్నారు. అది సంతోషించదగిన మార్పు. కాని గడ్డపార పట్టిన చేతికి సరిపోయిన తిండి, కలం పట్టిన చేతికి సరిపోదు.

ఇక ప్రత్యామ్నాయాల విషయం. వీటిలో మొదట చెప్పవలసినది బెల్లం. రసాన్ని పూర్తిగా శుద్ధి చేయకుండా మరిగించి అచ్చులు పోస్తారు కాబట్టి, చెరకులోని ఖనిజ లవణాలు కొంతవరకు అందులో నిలిచి ఉంటాయి. రుచిలో, వాసనలో చక్కెరకు లేని నిండుదనం బెల్లానికి ఉన్నది. కాని శక్తి విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల చక్కెర 398 కేలరీల శక్తినిస్తే, 100 గ్రాముల బెల్లం 383 కేలరీలు ఇస్తుంది. బెల్లంలోనూ అత్యధిక భాగం సుక్రోజే. మధుమేహం ఉన్నవారు చక్కెర మాని బెల్లం టీ తాగితే ప్రమాదం లేదనుకోవడం కేవలం భ్రమ. పేరు మారినంత మాత్రాన తీరు మారదు.

బెల్లంలోని ఇనుము గురించి కూడా ఒక అపోహ ప్రచారంలో ఉన్నది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసున్న స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపింది. ఈ లోపాన్ని బెల్లం తీరుస్తుందని చాలామంది నమ్ముతారు. 100 గ్రాముల బెల్లంలో ఇనుము సుమారు 2 నుంచి 5 మిల్లీగ్రాములు మాత్రమే. ఒక చిన్న ముక్క, అంటే 10 గ్రాములు తింటే అర మిల్లీగ్రాముకు మించి లభించదు. ఎదిగే వయసులోని బాలికకు కావలసినది రోజుకు సుమారు 30 మిల్లీగ్రాములు. అంత ఇనుమును బెల్లం నుంచి పొందాలంటే అరకిలోకు పైగా తినవలసి వస్తుంది. సజ్జలు, ఉలవలు, ఆకుకూరలు, నువ్వులు ఈ పని మెరుగ్గా చేస్తాయి. వాటితోపాటు నిమ్మరసమో ఉసిరికాయో తీసుకొంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతోపాటు టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది.

బెల్లం రంగు వెనుక మరొక కథ ఉన్నది. మెరిసే పసుపుపచ్చని బెల్లాన్ని కొనేవారు ఇష్టపడతారు. ఆ మెరుపు కోసం కొందరు తయారీదారులు హైడ్రోస్ అనే రసాయనాన్ని కలుపుతారు. బెండ మొక్కల జిగురుతో మలినాలు తీసే పాత పద్ధతి అందువల్ల వెనుకబడింది. రసాయనం తగలని బెల్లం సహజంగా ముదురు రంగులో ఉంటుంది. మరోవైపు నల్లబెల్లానికి సమాజంలో మరొక చెడ్డపేరు అంటుకొన్నది. గుడుంబా కాచడానికి దానిని వాడడం వల్ల, నల్లబెల్లం, పటిక నిల్వలను ఆబ్కారీ అధికారులు పట్టుకోవడం ఈ ప్రాంతంలో తరచుగా వినిపించే వార్త. ఒంటికి మేలు చేసే గుణం కాస్త ఎక్కువగా నిలిచిన రూపం అనుమానానికి గురైతే, రసాయనంతో మెరుగుపెట్టిన రూపం గౌరవం పొందింది. రంగును చూసి గుణాన్ని నిర్ణయించే అలవాటు మనుషుల విషయంలోనే కాదు, బెల్లం విషయంలోనూ తప్పుదారి పట్టిస్తుంది.

రెండో ప్రత్యామ్నాయం తేనె. నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్, మన్ననూరు పరిసరాల నల్లమల అడవి చెంచుల నివాసభూమి. కొండచరియ అంచున తాడుకు వేలాడుతూ, పొగతో ఈగలను తరిమి, తేనెపట్టును కోయడం వారి సంప్రదాయ విద్య. పైన తాడు పట్టుకొనే బాధ్యతను బావమరిదికి అప్పగిస్తారు. తోబుట్టువు పసుపుకుంకుమలను కోరుకొనేవాడు తాడును వదలడన్న నమ్మకం ఆ ఆచారంలోని అంతరార్థం. ప్రాణాన్ని పణంగా పెట్టి తెచ్చే తీపిని చెంచులు ఎంత విలువైనదిగా భావిస్తారో వేరుగా చెప్పనవసరం లేదు. వారి నుంచి గిరిజన సహకార సంస్థ తేనెను కొని ప్రజలకు అందిస్తుంది.

తేనె గుణం గొప్పదే అయినా, అది కూడా ప్రధానంగా చక్కెరల మిశ్రమమే. 100 గ్రాముల తేనె 319 కేలరీలు ఇస్తుంది. నీటి పాలు ఉండడం వల్లనే ఆ తగ్గుదల. ఏడాది నిండని శిశువులకు తేనె నాకించడం ప్రమాదకరమని వైద్యులు హెచ్చరిస్తారు. పైగా దేశంలో ఏటా లభించే తేనె లక్షన్నర టన్నుల లోపే. ప్రజలు వాడే చక్కెర రెండున్నర కోట్ల టన్నులకు పైమాటే. చక్కెర స్థానాన్ని తేనెతో నింపడం ఏ విధంగానూ సాధ్యం కాదు. సాధ్యం కానిదానికి గిరాకీ పెరిగితే కల్తీ పుట్టుకొస్తుంది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2020 డిసెంబరులో ప్రకటించిన పరీక్షల్లో, అంగళ్ళలో దొరికే 13 రకాల తేనెలలో 10 రకాలు ఒక ఆధునిక పరీక్షకు నిలవలేకపోయాయి. చక్కెరను తప్పించుకోవాలని తేనె కొన్నవాడు, మళ్ళీ చక్కెర పాకాన్నే ఎక్కువ ధరకు కొన్నట్లయింది.

తాటి, ఈత చెట్ల నుంచి తెల్లవారకముందే తీసే నీరా మరొక మధుర పానీయం. పులియకముందే దానిని మరిగిస్తే తాటిబెల్లం తయారవుతుంది. తెలంగాణ పల్లెల్లో ఈ చెట్లు ఎక్కువగా కల్లుకే ఉపయోగపడ్డాయి. 2023 మే నెలలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన నీరా కేఫ్ ప్రారంభమైన తరువాత ఈ పానీయంపై ప్రజల దృష్టి మళ్ళింది. గీత కార్మికులకు ఇది మంచి ఉపాధి కాగలదు. అయినా తాటిబెల్లమూ తీపి పదార్థమే కాబట్టి కొలత దీనికీ తప్పదు. గోధుమరంగు చక్కెర సంగతి మరీ స్వల్పం. తెల్లని చక్కెరకు కొద్దిగా మొలాసిస్ అంటుకొని ఉండడమే దాని ప్రత్యేకత.

శక్తి లేని తీపి పదార్థాలు చివరి వర్గం. శాకరిన్, ఆస్పర్టేమ్ వంటి కృత్రిమ పదార్థాలు, పరాగ్వే దేశపు స్టీవియా ఆకుల నుంచి తీసే సారం ఇందులోకి వస్తాయి. స్టీవియా సారం చక్కెర కంటే రెండు మూడు వందల రెట్లు తియ్యగా ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి వైద్యుల సలహాపై ఇవి కొంత ఉపకరిస్తాయి. కాని శరీర బరువు తగ్గించుకోవడానికి వీటిని ఆశ్రయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సూచించింది. వీటిని వాడినంత కాలం నాలుక అతి తీపికే అలవాటుపడి ఉంటుంది. ఆ అలవాటు మారనంత వరకు అసలు సమస్య అలాగే మిగిలిపోతుంది.

ఇన్ని ప్రత్యామ్నాయాలను తూచి చూసిన తరువాత తేలే సత్యమొక్కటే. ఒక డబ్బాలోని తెల్లని పొడిని తీసివేసి మరొక గోధుమరంగు పొడిని నింపడం పరిష్కారం కాదు. మార్చవలసినది పొడిని కాదు, పరిమాణాన్ని. ఈ సత్యాన్ని బ్రిటన్ దేశపు అనుభవం బలపరుస్తున్నది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ చక్కెరకు రేషన్ విధించి, 1953 సెప్టెంబరులో తొలగించారు. అంతవరకు రోజుకు మనిషికి సుమారు 40 గ్రాములున్న వాడకం ఆ వెంటనే దాదాపు రెట్టింపయింది. రేషన్ కాలంలో గర్భస్థులై శైశవం గడిపినవారికి, ఆ తరువాత పుట్టినవారికంటే మధుమేహ ప్రమాదం సుమారు 35 శాతం తక్కువగా ఉన్నదని 2024లో సైన్స్ పత్రికలో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. వారు తేనె తాగలేదు, బెల్లం తినలేదు. అందరూ వాడే చక్కెరనే తక్కువగా వాడారు. ఆ తగ్గింపు ఫలం దశాబ్దాల తరువాత కూడా వారి ఒంటిలో నిలిచింది.

అయితే తగ్గించడమంటే తీపిని బహిష్కరించడం కాదు. తీపిని దాని పూర్వపు చుట్టాలతో తిరిగి కలపాలి. వనపర్తి ప్రాంతపు వేరుశనగతో కొద్దిపాటి బెల్లం చేర్చిన పల్లీపట్టి, బిస్కెట్ పొట్లం కంటే అన్ని విధాలా మేలైనది. అందులో మాంసకృత్తులున్నాయి, నమలవలసిన పని ఉన్నది, ఆకలి తీర్చే గుణమున్నది. సీసాలోని మామిడి రసం కంటే వేసవిలో కొల్లాపూర్ మామిడి పండు, చలికాలం ముందు వచ్చే సీతాఫలం ఉత్తమం. వాటిలోని తీపి పీచుతో కలిసి మెల్లగా రక్తంలో చేరుతుంది. అవి కూడా మితంగా తినవలసినవే. శీతల పానీయానికి బదులు మజ్జిగ, ఉప్పు కలిపిన నిమ్మరసం దాహాన్ని తీరుస్తాయి. 2023లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలల్లో రాగిజావ ఇవ్వడం ప్రారంభమైంది. ధాన్యపు బలానికి తీపి తోడుగా మాత్రమే ఉండే ఇటువంటి పానీయమే బాల్యానికి తగినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ఎండలో కష్టించే కూలీకి చవకగా శక్తినిచ్చేది తియ్యని టీ మాత్రమే కదా, దానిని కూడా తగ్గించమనడం న్యాయమా అని అడగవచ్చు. ఈ ప్రశ్న సమంజసమైనదే. కూలీకి కావలసినది టీ మానమనే ఉపదేశం కాదు, టీతో సరిపెట్టుకోనవసరం లేని మధ్యాహ్న భోజనం. చక్కెర ఆకలిని వాయిదా వేస్తుందే కాని తీర్చదు. జొన్నరొట్టె, పప్పు, గుప్పెడు పల్లీలు అందుబాటులో ఉంటే టీలోని చక్కెర తనంతట తానే తగ్గుతుంది. చెరకు రైతు ఏమవుతాడన్నది మరొక ఆక్షేపణ. చెరకు రసం నేడు చక్కెరకే పరిమితం కాలేదు. పెట్రోలులో కలిపే ఇథనాల్‌కూ అదే మూలాధారం. శుభ్రమైన పద్ధతిలో తయారైన ముదురు బెల్లానికి తగిన ధర లభిస్తే రైతుకు అదీ ఒక ఆదరువు. ప్రజల ఆరోగ్యం చెడితేనే రైతు బాగుపడతాడన్న వాదం రైతుకు కూడా గౌరవం కాదు.

ఈ మార్పు యౌవనంలో మొదలుకావడం అవసరం. రుచుల అలవాటు స్థిరపడే వయసు అదే. కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2025 మే నెలలో తన పరిధిలోని పాఠశాలలకు చక్కెర పట్టికలు ఏర్పాటు చేయమని ఆదేశించింది. ఏ పానీయంలో ఎన్ని చెంచాల చక్కెర ఉన్నదో ఆ పట్టికలు విద్యార్థులకు తెలుపుతాయి. ప్రతి కళాశాల గోడమీద అటువంటి పట్టిక ఉండదగినదే. కొనే పొట్లంపై అచ్చయిన వివరాలను చదవడం, టీలో చక్కెరను వారానికి కొంచెంగా తగ్గించడం, దాహానికి నీళ్ళనే ఎంచుకోవడం ఖర్చులేని పనులు. కొన్ని వారాలు గడిస్తే నాలుకే మారుతుంది. వెనుక చప్పగా తోచినది తియ్యగా తోస్తుంది. వెనుక ఇష్టమైనది వెగటు పుట్టిస్తుంది.

గద్వాల సంస్థానానికి విద్వద్గద్వాల అన్న ప్రశస్తి ఉండేది. వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలూ కవిపండితులను పోషించాయి. ఆ విద్వాంసులు కావ్యంలో ప్రాణంగా చూసిన గుణాల్లో ఔచిత్యం ఒకటి. అలంకారం ఎంత అందమైనదైనా చోటు తప్పితే, కొలత మించితే రసభంగమవుతుంది. భోజనానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒకప్పుడు ఈ నేలమీద తీపికి కొలత పెట్టింది పేదరికం. ఇప్పుడా కొలతను చదువు పెట్టాలి. లేమి పెట్టిన కొలత బాధిస్తుంది. వివేకం పెట్టుకొన్న కొలత కాపాడుతుంది. అప్పుడే ఉగాదినాటి బెల్లపు ముక్కకూ, బతుకమ్మనాటి నువ్వుల ముద్దకూ ఏడాదంతా ఎదురుచూసిన విలువ తిరిగి లభిస్తుంది.